మూడు వేళ్ళ శోకం

కిటికీకి అద్దం వేయించాలి. అప్పటిదాకా ఓ చెక్క అయినా అడ్డం కొట్టాలి. తమ్ముడి చేతికి కుట్లు వేయించాలి. వాడు రానంటాడు, లాక్కెళ్ళాలి. అమ్మకి ఉన్ని మేజోళ్ళు, గుండె మాత్రలు పంపాలి. జైలువాళ్ళు మాత్రలు తీసుకుంటారో లేదో లాయరుని అడగాలి. గొర్రెలకి గడ్డి వెయ్యాలి. బడికి సెలవు చెప్పాలి. హెద్విగా గారికి ఫోన్ చేసి, సాయంత్రం పోప్రాద్ పట్నంలోనే కలుద్దాం, ఇంటికి మాత్రం రావద్దు అని గట్టిగా చెప్పాలి. గొడ్డలి దాచాలి.

గాజుపెంకులు ఊడుస్తూ దొరోత ఈ పనులన్నీ మనసులో వరసగా పెట్టుకుంది. ఫోన్ చెయ్యడం ఒక్కటే మొదలుపెట్టగలిగింది. "హెద్విగా గారూ, నేను దొరోతని" అందో లేదో, ఎడమ చెంప పేలింది. ఫోన్ ఎగిరి పొయ్యి కిందికి పోయింది.

నాన్న గాష్పర్ చెయ్యి పడితే, కొట్టిందెవరని ఊళ్ళో ఎవరూ అడగక్కర్లేదు. రంపం మిల్లులో ఆయనకి రెండు వేళ్ళు పోయాయి. ఆ చెయ్యి పడిన చెంప మీద మూడు గీతలే తేలతాయి.

"ఎవత్తె అది?"

"అనువాదం చేసే ఆవిడ, నాన్నా. అమ్మ కోసం."

"అమ్మ కోసం! పరాయి దేశంలో పరాయి ముసలాడి పీనుగ మీద పడి, నేనే చంపాను, నేనే చంపానని రాగాలు తీసిన అమ్మ కోసం! నిన్న సారాకొట్లో ఏమంటున్నారో తెలుసా? 'చారులో ఏం కలిపిందిరా గాష్పర్? మాక్కూడా చెప్పమను, మా అత్త ఎంతకీ పోవట్లేదు' అంటున్నారు. నేను తలెత్తుకుని తాగడానికి కూడా లేకుండా చేసింది."

"అమ్మ ఒప్పుకోలేదు నాన్నా. ఏడ్చింది. అంతే."

"ఏడవడానికి మా అమ్మ చావు చాల్లేదా దానికి?"

గోడవార బల్ల మీద తమ్ముడు మటూష్ కూర్చుని ఉన్నాడు. వాడి కుడిచేతికి చుట్టిన తువ్వాలు ఎర్రగా తడిసింది. పొద్దున కాఫీ దగ్గర మొదలైన గొడవలో వాడు విసిరిన కుర్చీ నాన్నకి తగల్లేదు, కిటికీకి తగిలింది. ఆ ఊపులో వాడే గాజు మీద పడ్డాడు. ఇరవై రెండేళ్ళవాడు, అడవిలో చెట్లు కొట్టే ఒళ్ళు, అయినా నాన్న ముందు గురి కుదరదు.

"అక్కని మళ్ళీ ముట్టుకున్నావంటే చూడు" అన్నాడు మటూష్.

"ఏం చూస్తావురా? ఇంకో కిటికీ ఉంది. అదీ పగలగొట్టు."

"ఊళ్ళో మగాళ్ళు ఆడవాళ్ళ మీద కొరడా తీసేది ఈస్టర్ సోమవారం ఒక్కరోజే. అదీ సరదాకి. నీకు మాత్రం ఏడాది పొడుగునా ఈస్టరే."

గాష్పర్ తాపీగా నడిచి వెళ్ళి కొడుకు దెబ్బతగిలిన చేతిని అందుకున్నాడు. పెళ్ళిలో వియ్యంకుడి చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుని, నొక్కాడు. నొక్కుతూ వాడి కళ్ళలోకి చూశాడు. మటూష్ మోకాళ్ళ మీదికి జారాడు గాని కేక పెట్టలేదు. తువ్వాల్లోంచి రక్తం ధారగా నేలమీదికి కారింది.

"నాన్నా, వదిలెయ్!" దొరోత చీపురు పారేసి ఆయన చెయ్యి పట్టుకుని వేలాడింది. "వదిలెయ్, ఆవిడ రాదు, నేను రానివ్వను. ఈ ఇంటికి ఎవరూ రారు."

"అదీ మాట." ఆయన వదిలాడు. అరచేతిని ప్యాంటుకి తుడుచుకున్నాడు. మూలనున్న గొడ్డలి భుజాన వేసుకుని, కట్టెలు కొట్టడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

జాబితాలో చివరి పని అలా చేతుల్లోంచి జారిపోయింది.

*

ఆ ఇంట్లో పెద్ద చదువు చదివింది దొరోత ఒక్కతే. పోప్రాద్‌లో చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతుంది, అక్కడే ఓ అద్దె గదిలో ఉంటుంది. చదువుకున్నదానివి నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి అని తమ్ముడు అన్నాడు, పాస్టరుగారన్నారు, జైలునుంచి రెండు నిమిషాలు మాట్లాడనిస్తే అమ్మ కూడా అదే అంది.

అమ్మ మార్గిత రెండు వారాలు ఆస్ట్రియాలో, రెండు వారాలు ఇంట్లో. ఊళ్ళో సగంమంది ఆడవాళ్ళ బతుకు అంతే. ముసలివాళ్ళని చూసుకునే పని. ఆల్ఫ్రెడ్ అనే ఆ ముసలాయనకి స్నానం చేయించి, మందు వేసి, పడుకోబెట్టింది. తెల్లారి లేవలేదు ఆయన. గుండె ఆగిందన్నాడు డాక్టరు. అక్కడితో పోయేది. కానీ మార్గిత మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడి, తమ పల్లె ఆడవాళ్ళు పీనుగ దగ్గర ఎలా శోకాలు పెడతారో అలా పెట్టింది. ముసలాయన కొడుకు గుమ్మంలో నిలబడి అదంతా ఫోన్లోకి ఎక్కించి పోలీసులకిచ్చాడు.

కోర్టు ఒక అనువాదకుడి చేత దాన్ని జర్మన్‌లోకి రాయించింది. ఆ కాగితం ప్రతి దొరోత దగ్గర ఉంది: "ఓ ఇంటి యజమానీ, నేను నా చేతులతో నిన్ను చంపాను." ఆ కింద చాలా వరసలకి చుక్కలు పెట్టి, పల్లె యాస, అర్థం కాలేదు అని ముగించాడు మహానుభావుడు.

"వాళ్ళ దగ్గర ఈ ఏడుపు తప్ప మరేమీ లేదు" అన్నాడు లాయరు నిన్న. "ఇది నేరం ఒప్పుకోవడం కాదు, మీలో ఇదొక ఆచారం అని తెలిసిన అనువాదకుణ్ణి పట్టుకోండి. కోర్టు ముద్ర ఉన్నవాడు కావాలి. ఎల్లుండి పొద్దున కోర్టు తెరిచేసరికి కాగితం నా చేతిలో ఉండాలి."

దొరోత ఎందరికో ఫోన్లు చేసింది. ఒకాయన కార్ల విడిభాగాల పుస్తకాలు మాత్రమే చేస్తాడట. శోకాలకి వారంటీ ఉంటే చెప్పండి, చేస్తాను అన్నాడు. ఒకావిడ జానపదం అనగానే, ఏ డాన్సు బృందం తరఫున అని అడిగింది. ఇంకొకాయన విడాకుల కేసులే చేస్తాడు. "మొగుడు పోయాక ఏడ్చేవాళ్ళ పని నాకు కొత్తమ్మా, నా దగ్గరికి మొగుడు ఉండగానే ఏడుస్తూ వస్తారు" అన్నాడు.

చివరికి గుర్తొచ్చింది నానమ్మ చావు. ఆ రోజు శవపేటిక దగ్గర, నల్లకోటు వేసుకున్న ఓ పరాయి మనిషి టేపురికార్డరు పట్టుకుని నిలబడింది. అమ్మ శోకాలు పెడుతుంటే ఆవిడ కళ్ళు మూసుకుని వింటూ ఉంది. నాన్న ఆ మెషిన్ లాక్కుని గుమ్మానికేసి కొట్టాడు. ఆవిడ పేరు హెద్విగా. తల్లి జర్మన్, తండ్రి స్లొవాక్. కొండ దిగువన జర్మన్లు మిగిలిన పల్లెలో పుట్టింది. పల్లె పల్లెకీ తిరిగి శోకాలు పోగుచేసి జర్మన్‌లోకి మార్చడమే ఆవిడ పని, కోర్టు ముద్ర కూడా ఉంది.

ఫోన్లో మొదటిసారి ఆవిడ అన్న మాట: "మీ అమ్మ గొంతు నాకు తెలుసు అమ్మాయ్."

*

పొయ్యి కింద ఫోన్ దొరికేసరికి అది చచ్చి ఉంది. తమ్ముడి చేతికి కొత్త గుడ్డ కట్టి, కిటికీకి చెక్క వెతుకుతూ ఉండగా, వీధిలో బస్సు ఆగిన చప్పుడైంది. దొరోత తల బయటికి పెట్టి చూసింది. నల్లకోటు.

కరిగిన మంచుబురదలో కర్ర పొడుచుకుంటూ హెద్విగా గేటు దాకా వచ్చేసింది. పెరట్లో కట్టెలు కొడుతున్న గాష్పర్ గొడ్డలి దించాడు.

"ఎవరు నువ్వు?"

"అప్పుడే మర్చిపోయావా గాష్పర్? మీ అమ్మ చావుకి వచ్చాను. ఆ గుమ్మం మీదే నా మెషిన్ పగలగొట్టావు."

"గుర్తొచ్చింది. నీ తల కూడా పక్కనే ఉండాలి అప్పుడు. గురి తప్పింది."

"ఇప్పుడు మెషిన్ ఇంకా చిన్నదైంది. గురి బాగా చూసుకో."

"వెనక్కి పో ముసలిదానా. మా ఇంటి ఏడుపు మేం ఏడుస్తాం. అమ్ముకునేవాళ్ళు అక్కర్లేదు."

"మీ ఇంటి ఏడుపు ఆస్ట్రియా కోర్టు బల్ల మీద ఉంది. నేనొచ్చినా రాకపోయినా అది అక్కడే ఉంటుంది."

గాష్పర్ గొడ్డలి పట్టుకునే రెండడుగులు వేశాడు. దొరోత పరుగెత్తింది. కానీ ఆయన తనంతట తానే ఆగాడు. పక్కింటి కంచె మీదుగా ఇద్దరు ఆడవాళ్ళ తలగుడ్డలు పైకి లేచాయి. గాష్పర్ ఊరి ముందు కొట్టే మనిషి కాదు. ఇంట్లో కొట్టే మనిషి.

"వెళ్ళు లోపలికి" అన్నాడు పళ్ళ మధ్యనుంచి. "రాసుకో. తాగడానికి మాత్రం మంచినీళ్ళు కూడా ఇవ్వకే దానికి."

గుమ్మం దాటగానే దొరోత గుసగుసగా అంది. "రావద్దని చెప్పడానికే ఫోన్ చేశానండీ..."

"నువ్వు పేరు చెప్పావు. ఆ తరవాత చెంప చప్పుడు వినిపించింది. నా పని వినడమే కదమ్మా, ఏ చప్పుడేదో నాకు తెలుస్తుంది." హెద్విగా ఆమె చెంప వంక చూసింది. వరసగా మూడు గీతలు. ఆవిడ కనుబొమలు కొద్దిగా ముడిపడ్డాయి.

*

దొరోత ఆలుగడ్డ చారు వేడిచేసి గిన్నెలో పోసింది. మంచినీళ్ళు వద్దన్నాడు గాని చారు వద్దనలేదు కదా అన్నాడు మటూష్. చాలా రోజులకి ఆ వంటింట్లో ఎవరో నవ్వారు. బయట గొడ్డలి దెబ్బలు పడుతూనే ఉన్నాయి. అద్దం లేని కిటికీలోంచి ఒక్కో దెబ్బా బల్ల మీద పడ్డట్టే ఉంది.

హెద్విగా బల్ల మీద కాగితాలు పరిచింది. ముద్ర, కలం, ఓ పాత ఫోను. "కోర్టు రికార్డింగు నాకే పంపింది. బస్సులో రెండుసార్లు విన్నాను. ఇప్పుడు మీరు వినాలి. ఇందులో ఉన్నవాళ్ళెవరో మీరే చెప్పాలి."

మార్గిత గొంతు వంటింటిని నింపింది. మొదట మాట లేదు, మూలుగు. తరవాత అది పైకి లేచి, సాగి, విరిగి, మళ్ళీ కిందికి దిగింది.

*ఓ నా గజ్దా, నా బంగారు గజ్దా,*
*తలుపు తియ్యకుండానే ఎక్కడికి బయల్దేరావు,*
*నిన్ను నేనే చంపుకున్నాను, నా చేతులారా చంపుకున్నాను,*
*నా చేతి కూడే నీకు మన్నయిపోయింది...*

వెనకాల ఎవరో సొరుగు మూసిన చప్పుడు. ఎవరిదో దగ్గు. ఆ గదిలో మరెవ్వరూ ఏడవడం లేదు.

మటూష్ మోచేత్తో మొహం దాచుకున్నాడు. హెద్విగా ఫోన్ ఆపింది.

"ఏం విన్నావు అమ్మాయ్? చంపాను అందా?"

"చంపుకున్నాను అంది."

"అదీ! చంపాను వేరు, చంపుకున్నాను వేరు. ఒకటి హంతకుడి మాట. రెండోది పోగొట్టుకున్నదాని మాట. పిల్లాణ్ణి ఏటికి పంపిన తల్లీ అదే అంటుంది, డాక్టరుని ఆలస్యంగా పిలిచిన పెళ్ళామూ అదే అంటుంది. నేను పోగుచేసిన శోకాల్లో ఆ మాట లేనిది ఒక్కటి చూపించు! మన భాషలో ఆ 'కున్నా' ఉందే, జర్మన్‌లో దానికి చోటు లేదు. ఆ పెద్దమనిషి దాన్ని బియ్యంలో రాయిలా ఏరి పారేశాడు. దాంతో మీ అమ్మ హంతకురాలైంది."

"ఇంత చిన్న ముక్కకా?" అంది దొరోత.

"ఇంత చిన్న ముక్కకే."

మటూష్ మంచి చేత్తో బల్ల గుద్దాడు. ముసలావిడ తల పట్టుకుని నెత్తి మీద ముద్దు పెట్టాడు. "అక్కా, అమ్మ వచ్చేస్తుంది! ఈస్టర్‌కి ఇక్కడే ఉంటుంది! నువ్వేమో ఇంకా నిలబడ్డావు, కాగితం ఇవ్వు, ముద్ర కొట్టించు!"

హెద్విగా మాత్రం నవ్వలేదు.

"ఆగరా. ఆ మాట ఆచారమని నేను రాస్తే, జడ్జి అడుగుతాడు, ఎవరు ఎవరి మీద పాడే ఆచారం అని. శోకంలో వరసలుంటాయి. కూతురు తండ్రి మీద పాడేది వేరు, పనిమనిషి యజమాని మీద పాడేది వేరు." ఆవిడ చెంచాతో చారు కలుపుతూ ఉండిపోయింది. తాగలేదు. "మీ అమ్మ ఆ ముసలాయన్ని ఏమని పిలిచేది?"

"తాతగారు అనేది. ఎప్పుడు ఫోన్ చేసినా, తాతగారు తిన్నారు, తాతగారు పడుకున్నారు, అదే."

"మరి మీ నాన్నని?"

బయట గొడ్డలి దెబ్బ పడింది. చెక్క చీలిన చప్పుడు.

గజ్దా అంటే ఇల్లూ పొలమూ గలవాడు. కోర్టువాడు రాసిన 'ఇంటి యజమాని' నిఘంటువు ప్రకారం తప్పేమీ కాదు. కానీ ఈ కొండపల్లెల్లో పెళ్ళాం నోట ఆ మాట వస్తే, 'మా ఇంటాయన' అని. అమ్మ నాన్నని పేరుపెట్టి పిలవడం దొరోత ఎన్నడూ వినలేదు.

"గజ్దా అనే పిలుస్తుంది" అంది మెల్లగా.

మటూష్ మొహం ఎర్రబడింది. "అంటే? ఆ ముసలాడితో అమ్మకి..."

"నోరు ముయ్యరా వెధవా!" హెద్విగా కర్రతో నేలమీద కొట్టింది. "ముందు మిగతాది విను. ఆ పెద్దమనిషి అర్థం కాలేదని చుక్కలు పెట్టిన భాగం ఇది."

మార్గిత గొంతు ఈసారి కిందిస్థాయిలో ఉంది. జోలపాడుతున్నట్టు ఉంది.

*రంపం తిన్న రెండు వేళ్ళూ ముందే వెళ్ళాయి,*
*నీకు దారి చూసి పెట్టాయి గజ్దా,*
*మిగిలిన మూడూ, మీరూ వెళ్ళండి, వెనకే వెళ్ళండి,*
*నా చెంప మీద మీకింక పని లేదు,*
*మూడు వేళ్ళ చెయ్యీ, పడుకో, మళ్ళీ లేవకు...*

దొరోత చెయ్యి తనకి తెలియకుండానే ఎడమ చెంప మీదికి వెళ్ళింది.

ఆ రెండు వేళ్ళనీ జేబురుమాల్లో చుట్టి నానమ్మ సమాధి మూల పాతిపెట్టింది అమ్మే. గొయ్యి తవ్వింది మటూష్.

"ఆల్ఫ్రెడ్‌కి పది వేళ్ళూ ఉన్నాయి" అంది హెద్విగా. "డాక్టరు కాగితంలో చూశాను. ఇందాక నీ చెంప చూసేదాకా నాకూ అర్థం కాలేదు. మీ అమ్మ ఏడ్చింది ఆయన మంచం దగ్గర. ఏడ్చింది మాత్రం ఆయన గురించి కాదు."

"బతికున్న మనిషి మీద శోకం పెట్టిందా?" మటూష్ గొంతు తగ్గింది. వాడు గుండెలమీద సిలువ గుర్తు వేసుకున్నాడు. బతికున్నవాడి మీద శోకం పెడితే వాడు ఏడాది తిరక్కుండా మట్టిలోకి పోతాడని ఆ పల్లెలో పసిపిల్లలకి కూడా తెలుసు. మొగుడిమీద ఎంత కడుపుమంటలోనైనా ఏ ఆడదీ అంతపని చెయ్యదు.

"ఇంట్లో ఏడవనిచ్చారా దాన్ని?" అంది హెద్విగా. "ఎవరికీ అర్థంకాని చోట, ఎవరి పీనుగో ఒకటి కనిపించింది. ఇన్నేళ్ళదీ అక్కడ దించుకుంది. ఇది రాస్తేనే మీ అమ్మ బయటపడుతుంది. ముసలాయన్ని కాదు, మొగుణ్ణి తలుచుకుని పాడిందని రుజువు ఈ మూడు వేళ్ళే. కానీ రాశాక కోర్టులో పైకి చదువుతారు. ఆ కాగితం నకలు మీ ఇంటికి వస్తుంది. మీ నాన్న..."

ఆవిడ ఆగింది. దొరోత కూడా చెవులు రిక్కించింది.

ఏమీ వినబడటం లేదు. గొడ్డలి చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో ముగ్గురిలో ఎవరూ గమనించలేదు.

అద్దం లేని కిటికీ చట్రం మీద, బయటి నుంచి, మూడు వేళ్ళు ఆని ఉన్నాయి.

*

గాష్పర్ లోపలికి వచ్చి బురదబూట్లతోనే బల్ల దగ్గర కూర్చున్నాడు. గొడ్డలి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మళ్ళీ పెట్టు."

"గాష్పర్..."

"మళ్ళీ పెట్టమన్నాను."

హెద్విగా పెట్టింది. *మిగిలిన మూడూ, మీరూ వెళ్ళండి, వెనకే వెళ్ళండి.* ఆయన తన చేతిని బల్ల మీద పరిచి, అది ఎవరిదో అన్నట్టు చూసుకున్నాడు. ఆ మొహంలో కోపం రాలేదు. రక్తం దిగిపోయింది. నానమ్మ చావులో కూడా దొరోత ఆయన్ని అంత తెల్లగా చూడలేదు.

"నన్ను పాతేసింది" అన్నాడు. "బతికుండగానే మట్టి కప్పేసింది ముండ."

"ఆ మాట అనకు!" మటూష్ లేచాడు.

"పాతేసి, కాఫీ తాగి ఉంటుంది."

మటూష్ దూకాడు. బల్ల మీదనుంచి చారుగిన్నె ఎగిరిపడింది. గాష్పర్ కూర్చున్నచోటునుంచి కదలకుండానే మోచెయ్యి విసిరాడు. అది సరిగ్గా వాడి గొంతు మీద తగిలింది. వాడు వెనక్కి తూలి పొయ్యి ఇనప అంచుకి తల కొట్టుకుని, గోడకి జారి కూలబడ్డాడు. చెవి వెనకనుంచి రక్తం కాలరులోకి దిగుతోంది. మళ్ళీ లేవబోయాడు. ఈసారి తండ్రి లేచి బూటు కాలు వాడి దెబ్బతిన్న చేతిమీద వేసి, నిలబడ్డాడు. పొద్దున ఆపుకున్న కేక ఇప్పుడు బయటపడింది.

"చంపేస్తావా వాణ్ణి!" దొరోత కుర్చీ ఎత్తి ఆయన వీపు మీద కొట్టింది. జీవితంలో మొదటిసారి. కుర్చీ కాలు విరిగింది. గాష్పర్ వెనక్కి తిరిగి, ఆశ్చర్యంగా, దాదాపు మెచ్చుకోలుగా చూశాడు.

"చదువుకున్నదానికి కూడా చేతులున్నాయే" అన్నాడు. కాలు తీశాడు.

హెద్విగా కాగితాల మీద రెండు చేతులూ పరిచి, ఫోన్ కోటు లోపలికి తోసేసి, కూర్చున్నచోటే కూర్చుంది. "ఇది కూడా పగలగొడతావా? పగలగొట్టు. దీనికి రెండో ప్రతి కోర్టులో ఉంది."

"ఎందుకు పగలగొడతాను?" గాష్పర్ మళ్ళీ బల్ల ముందు కూర్చున్నాడు. గొంతు ఇప్పుడు మామూలుగా ఉంది. అదే దొరోతని ఎక్కువ భయపెట్టింది. "పొద్దున వద్దన్నాను. ఇప్పుడు నేనే రాయమంటున్నాను. రాయి ముసలిదానా. ఉన్నదున్నట్టు రాయి. మొగుడనే రాయి. రంపం రాయి, వేళ్ళు రాయి, చెంప రాయి. ముద్ర కొట్టు. అప్పుడు వదిలేస్తారు కదా దాన్ని?"

ఆయన ముగ్గురి వంకా వరసగా చూశాడు.

"వదిలితే ఎక్కడికొస్తుంది? ఇంటికి. గజ్దా దగ్గరికి." నేలమీద పడ్డ గొడ్డలి తీసి బల్ల మధ్యలో, కాగితాల పక్కన పెట్టాడు. "రానీ. నన్ను పాతినవాళ్ళ మొహం నేను చూడాలి కదా."

"నా గదికి తీసుకెళ్తాను" అంది దొరోత. "ఈ ఊరి బస్సే ఎక్కనివ్వను అమ్మని."

"నీ గది తలుపు ఎంత గట్టిదో నాకు తెలుసులే. పోయిన శీతాకాలం ఒక్క తన్నుకి ఊడింది. మీ ఇంటి ఓనరు ఇంకా నన్ను తలుచుకుంటుంటాడు."

నిజమే. ఆ తలుపు గొళ్ళెం ఇప్పటికీ వంకరగానే ఉంది.

మూలనుంచి మటూష్ అన్నాడు, మాట నోట్లో రక్తంతో తడిసి వచ్చింది: "రాయొద్దక్కా. అక్కడైతే తాళం ఉంది. పోలీసులున్నారు. కనీసం కొట్టరు."

"చెయ్యని హత్యకి అమ్మ అక్కడ ముసలిదైపోవాలా?"

"ఇక్కడ చచ్చిపోవడం కంటే నయం కదా!"

హెద్విగా కలం మూత తీసింది. "అమ్మాయ్, నా వంక చూడు. గజ్దా అన్న మాటకి జర్మన్‌లో రెండు మాటలున్నాయి. ఇంటి యజమాని అని వదిలేస్తే మీ అమ్మ అక్కడే ఉంటుంది. భర్త అని రాస్తే బయటికొస్తుంది. రెండిట్లో దేనికైనా ముద్ర వెయ్యడం నాకు చేతనవును. ఒట్టు మాత్రం ఒకదానికే వెయ్యగలను. మీ అమ్మని అడిగే వీల్లేదు. నువ్వు చెప్పాలి."

చదువుకున్నదానివి నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి.

కిటికీలోంచి చలిగాలి వచ్చి కాగితాల అంచులు ఎగరేసింది. కిటికీకి చెక్క పడలేదు. కుట్లు పడలేదు. మేజోళ్ళు కట్టలేదు. గొర్రెలు దొడ్లో అరుస్తున్నాయి. మొట్టమొదట చెయ్యాల్సిన పనిని చివర పెట్టుకున్నానని దొరోతకి ఇప్పుడు తెలిసింది. ఆ పని బల్ల మధ్యలో, చేతికందేంత దూరంలో, తడి చెక్కపొట్టు అంటుకుని పడి ఉంది.

ఆమె చెయ్యి చాచి గొడ్డలి కామ పట్టుకుంది.

"భర్త అని రాయండి" అంది.

కలం కాగితాన్ని తాకింది. అదే క్షణంలో ఆమె చేతి మీద మూడు వేళ్ళు వాలి, బిగుసుకున్నాయి. ఆమె వదల్లేదు. ఆయనా వదల్లేదు. హెద్విగా తల ఎత్తకుండా రాస్తూనే ఉంది.

చదువుతున్న మీకు ఒక్క మనవి. ఆ గొడ్డలి ఎవరి చేతిలోకి పోతుందో అన్న ఆత్రంలో మార్గితని మర్చిపోకండి. ఆమె ఆస్ట్రియాలో ఒక గదిలో, చల్లటి నేలమీద పాత మేజోళ్ళతో కూర్చుని ఉంది. తన మాటకి కూతురు ఇక్కడ ఏ అర్థం చెప్పిందో ఆమెకి తెలియదు. ఆ ముసలాయన పోయిన తెల్లవారుజామున కన్నకొడుకు ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడితే, మోకాళ్ళమీద కూలబడి ఏడ్చింది ఆమె ఒక్కతే. ఏడుపు ఎవరి గురించైతేనేం, ఆ కన్నీళ్ళు ఆ ముసలాయనకే దక్కాయి. ఆమెని గుర్తుంచుకోండి.